ఆకురాయి కింద

సనా నగరం, జంబియాల బజారు.
ముక్బిల్ దుకాణం ఎంతంటే
ఇద్దరు కూర్చుంటే మూడోవాడు వీధిలో నిలబడాలి.

పొద్దున్నే గోనె విప్పుతాడు.
లోపల కొమ్ము. నల్లగా, మొద్దుగా,
మొదట్లో ఇంకా మట్టి పట్టుకుని ఉంది.
ఏ నేలదో, ఎర్రమట్టి.
ఈ కొండల్లో అంత ఎరుపు లేదు.

మొంబాసా రేవులో ఎక్కించానంటాడు
తెచ్చిన బా జుబైర్.
నైరుతి గాలి తిరిగాక తెరచాప ఎత్తారట,
మడచెట్ల వాసాల కింద, ఎండు సొరచేప కట్టల కింద
దాచారట. దారి పొడుగునా
మంచినీళ్ళు కూడా సొరచేప కంపేనట.
బేరం చేసేవాడు ఎప్పుడూ తన కష్టాలే చెబుతాడు.
చచ్చినదాని సంగతి తూకంలోకి రాలేదు.

"బతికున్నప్పుడు ఎలా ఉంటుందయ్యా ఇది?"
ఒకసారి అడిగాడు ముక్బిల్.
బా జుబైర్ గాలిలో చేతులతో గీశాడు:
ఎద్దు. కాదు కాదు.
గాడిద, కానీ గుడిసంత. అదీ కాదు.
చివరికి విసుక్కుని
"కొమ్ముకి వెనకాల ఉంటుంది, అంతే" అన్నాడు.

అరబ్బీలో దాని పేరుకి అర్థం ఒంటికొమ్ముది.
గోనెలో మాత్రం ఎప్పుడూ జంటలే,
ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.
పేరు పెట్టినవాడూ చూసి ఉండడు.
నా భాషలో అయితే ఖడ్గమృగం.
పిడి కోసం చంపకముందే
పేరులో కత్తి దిగి ఉంది.

రంపం పడగానే వాసన లేస్తుంది,
దీపం మీదికి వంగితే జుట్టు అంటుకున్నట్టు.
ఆ వాసనతోనే పోల్చుకుంటుంది తఖియ్యా
చీకటి మెట్ల మీద ఎక్కి వస్తున్నది తన మొగుడేనని.

కొత్త పిడి గుడ్డిది.
ఎంత నూనె పట్టించినా, ఎంత మెరుగు పెట్టినా
అందులోకి వెలుతురు దిగదు.
తాత నడుము మీద కొంత, తండ్రి నడుము మీద కొంత
అరచేతి చెమట తాగి తాగి
మూడో మనిషి దగ్గరికొచ్చేసరికి
తేనెరంగు తిరుగుతుంది.
తన చేతి పిడి ఒక్కటైనా తేనె కావడం
ముక్బిల్ చూడడు.

ఇప్పుడు ఆగేవాళ్ళు లేరు.
జెద్దాలో సిమెంటు మోసి వచ్చిన కుర్రాళ్ళు
చొక్కా జేబులో రియాళ్ళు బిగదోసుకుని
"ఖాజీగారికి ఉన్నలాంటిదే. శుక్రవారానికల్లా" అంటారు.
వాళ్ళ తండ్రుల నడుముకి
గేదెకొమ్ము పిడి ఉండేది.

సాయంత్రం హిజాం ఊడుస్తాడు.
పదకొండేళ్ళవాడు, చీపురు వాడికంటే జాగ్రత్తగా ఉంటుంది.
పొడి పారెయ్యరు. జల్లిస్తారు.
రాళ్ళూ ఖాత్ ఆకులూ ఏరి
పాలడబ్బాల్లో నింపి మూత బిగిస్తే
నెలకోసారి ఒకడొచ్చి పట్టుకుపోతాడు హాంకాంగ్‌కి.
అక్కడ వేడినీళ్ళలో కలిపి
జ్వరానికి తాగుతారట.

"జ్వరానికా!"
ముక్బిల్ నవ్వాడు, నవ్వు దగ్గులోకి జారింది,
దగ్గు చాలాసేపు ఉంది.
"ముప్పై ఏళ్ళుగా ముక్కుతో తాగుతున్నాన్రా దీన్ని.
మొన్న చలికాలమంతా మూలుగుతూ పడుకుంది ఎవరు, నువ్వా?"

శుక్రవారం, స్నానానికి ముందు
గడపలో కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు.
బొటనవేలి గోరు మందం, కత్తికి లొంగలేదు.
పక్కనున్న ఆకురాయి అందుకుని నాలుగుసార్లు రుద్దాడు.

ఆగాడు.
వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
మళ్ళీ రుద్దాడు, మళ్ళీ చూశాడు.
లోపల తఖియ్యా అడిగింది,
"సెలవునాడు కూడా పనేనా?"

అతను జవాబు చెప్పలేదు.
మోకాలి మీది తెల్లపొడి చేత్తో దగ్గరికి తీసి
లేచి, దుకాణానికి నడిచి,
పాలడబ్బా మూత తీసి అందులో దులిపాడు.
గోరంత.
మూత బిగించాడు.

ఆ డబ్బా వెళ్ళింది.
తూకంలో తేడా రాలేదు, డబ్బులు తగ్గలేదు.
ఏ వీధిలో, ఏ పిల్లాడి నుదురు
దేనికి చల్లబడిందో,
అసలు చల్లబడిందో లేదో,
ఉత్తరం రాయడం అక్కడా
అలవాటు లేదు.