ఐదు చట్రాల ఇల్లు

మిర్చి కోల్డ్ స్టోరేజీలో మోటార్లు చూసేవాణ్ణి,
గోడ లోపల ఏముందో నాకు తెలుసు.
సిమెంటు పూత వెనక జానెడు మందాన థర్మాకోల్.
రోహిణి కార్తె బయట రోళ్లు పగలగొడుతుంటే
లోపల తేజా బస్తాలు
పుష్యమాసంలో ఉన్నామనుకుని నిద్రపోతాయి.

అందుకే పెదకాకాని నాగుల్ మీరా
రెండు ఖాళీ పెట్టెలు ముందుపెట్టి, ఏదీ అన్నప్పుడు
నా చెయ్యి చెక్కను దాటి తెల్లదాని మీదికి పోయింది.
ఎనిమిది వందలు ఎక్కువ.
"చేపల పెట్టెలో ఈగలా అని నవ్వుతారు మరి" అన్నాడు.

నవ్వనీ.
నిరుడు నవ్వలేదు ఎవరూ, పెట్టె మామిడి చెక్కది.
వానలకు ఉబ్బి మూత రాలేదు,
ఎండలకు నెర్రెలిచ్చి మూత ఆగలేదు.
మే నెల మూడో వారం మైనం మెత్తబడి
పట్లు ఒకదాని మీదొకటి ఒరిగాయి.
మర్నాడు డ్యూటీ దిగి వచ్చేసరికి పెట్టె నిండా నిశ్శబ్దం,
రెండు చీమలు.
"లేచిపోయాయి" అన్నాను.
రత్నకుమారి నావంక ఓ చూపు చూసింది.
మా వీధిలో ఆ మాట ఈగలకు వాడరు.

నాగుల్ మీరా గోటితో నొక్కి చూపించాడు.
టీవీ అట్టపెట్టెలో వచ్చే రకం పూసపూసగా రాలిపోతుంది.
ఇది రాలదు, గోరు దిగదు, బిగువుగా పోత పోసింది.
"టేపు తెచ్చావా? కొలువు.
పైదేశం కొలతల పెట్టెలో మన చట్రం కూర్చోదు,
మన ఈగ చిన్నది, దాని నడవ కూడా చిన్నదే."

పది చట్రాలది కొందామా అన్నాను, ఆశ కదా.
"గుప్పెడు ఈగలకు కల్యాణ మండపం ఎందుకయ్యా?
కాపలా కాయలేవు.
ఖాళీ మూలల్లో మైనపు పురుగు కాపురం పెడుతుంది.
ఐదు చాలు. నిండాక చూద్దాం."

ఐదు చాలు.
సంగడిగుంటలో రేకుల గది,
ఒక స్టవ్వు, ఒక బొంత,
గడియ వేస్తే మూల మూలా మా ఊపిరితోనే నిండేది.
ఈ మాట నాగుల్ మీరాకు చెప్పలేదు.

ఈగలతో సహా పెట్టెను రాత్రి తొమ్మిదింటికి
ఆటోలో ఒళ్లో పెట్టుకుని వస్తుంటే
బ్రాడీపేట నాలుగో లైను దాటేలోపు
రొయ్యలా, కొరమీనా, కిలో ఎంత అని ముగ్గురు.
జవాబు లోపలినుంచే వచ్చింది, గుయ్‌మని.
మూడోవాడు ఆటో దిగిపోయాడు.

తెల్లదానికీ తిప్పలున్నాయి, దాచను.
తేలిక, గాలిదుమారానికి డాబా దిగి పోగలదు,
నెత్తిన ఇటుక ఉండాల్సిందే.
చెక్కనైతే మంట చూపి శుద్ధి చేస్తారు,
దీనికి మంట చూపిస్తే పెట్టే ఉండదు,
చాకలిసోడా నీళ్లతో ఓపిగ్గా కడగాలి.
రంగు కూడా నీళ్లదే.
ముందే వేస్తుంటే బ్రష్షుకున్న థిన్నర్ చుక్క ఒకటి పడి
రూపాయి బిళ్లంత గొయ్యి తినేసింది.
మైనం ముద్దతో పూడ్చాను.
ఇప్పటికీ ఆ మచ్చ తూర్పు దిక్కున ఉంది.

ఇవాళ నలభై అయిదు.
పక్కింటి రేకు మీద కాకి కాలు పెట్టి తీసేసింది.
నేను మూత మీద అరచెయ్యి ఆనించాను.
తర్వాత చెవి.
మా కంప్రెసర్ మధ్యాహ్నం పూట చేసే చప్పుడే,
కాకపోతే దీనికి కరెంటు బిల్లు లేదు,
తలుపు దగ్గర వరసగా నిలబడి విసురుతున్న రెక్కలు.

ఉంటాయా?
వర్షాలు పడ్డాక అడగమన్నాడు నాగుల్ మీరా.
రత్నకుమారి పళ్లెంలో గులకరాళ్లు పేర్చి నీళ్లు పోసింది,
స్టూలు కాళ్ల కింది నాలుగు గిన్నెలూ చూసింది,
ఇటుక కాస్త జరిగి ఉంటే సర్దింది.
"వీటి పుట్టింటివాళ్లు ఎవరూ వెతుక్కుంటూ రారుగా"
అంది, మెట్లు దిగుతూ.