ఒకటిన్నర యూనిట్ మట్టి

మా దొడ్డి మూడేళ్ల కిందట వరిచేను.
ఆ సంగతి మేం మరిచిపోయాం, అది మరవలేదు.
ఇప్పటికీ ఆషాఢం రాగానే
ఎవరో దమ్ము చేసి వెళ్లినట్టు ఊరుతుంది.
బట్టలారేయడానికి దిగితే
కుడికాలి చెప్పు ఉంచేసుకుంటుంది.
పీకితే చప్పుడు,
పాలు తాగే దూడ మూతి విడిపించినట్టు.

వేసవిలో వేరే మనిషి.
నెర్రెలిచ్చి నోళ్లు తెరుస్తుంది.
బీరువా తాళంచెవి నా కళ్లముందే
జారి అందులోకి పోయింది.
ఊచతో వెతికాను, అయస్కాంతంతో వెతికాను,
చివరికి బతిమాలాను కూడా.

"ఇసుక కలిపెయ్యండి" అన్నాడు మేస్త్రి సోమరాజు.
కలిపాను, నాలుగు తట్టలు, ఓ మూల.
మాఘానికల్లా అక్కడ
గునపం ఎగిరి నా చేతికే తిరిగొచ్చింది.
బంకలో ఇసుక పోస్తే సగం ఇటుక అయినట్టేనని
బట్టీల ఊళ్లో పుట్టిన నాకు తెలియద్దూ!

అలా మట్టి కొనడానికి బయల్దేరాను.
నవ్వకండి.
గోదారి తెచ్చి పోసిన నేల మీద నిలబడి మట్టి కొనడం
సముద్రం ఒడ్డున ఉప్పు కొనడం లాంటిదే.
అదీ కొంటాం కదా.

ద్వారపూడి వైపు నుంచి ఎర్ర గ్రావెల్ వస్తుంది,
చూడ్డానికి కుంకుమ.
రోడ్డుకి మంచిది, వంగనారుకి కాదు.
అల్లవరం దగ్గర చెరువు తవ్విన మట్టి
ఊరికే ఇస్తాం, కిరాయి పెట్టుకోండి చాలు అన్నారు.
చిటికెడు నాలుక మీద వేసుకుని ఉమ్మేశాను.
రొయ్య బతికిన మట్టిలో ఆనపపాదు బతకదు.

చివరికి ఏసురత్నం ట్రాక్టరు.
లంకలో అరటితోట తీసేసిన చేను పైమట్టి.
నల్లగా ఉందే అంటే
"రంగు చూడకండమ్మా,
రంగు చూసి మనుషుల్నే తప్పు లెక్కేశారు" అన్నాడు.
సీసాలో పోసి, నీళ్లు పోసి, ఊపి
రాత్రికి వదిలేయమన్నాడు.
నేను ఏఎన్ఎమ్‌ని, నా దగ్గర టానిక్ సీసాలకేం కొదవ.
పొద్దున్నే కిటికీలో చూస్తే
అడుగున ఇసుక, దానిపైన ఒండ్రు,
ఆపైన పల్చగా బంక,
నీళ్ల మీద తేలుతూ వేరుముక్కలు.
ఒక వరద మొత్తం మందుసీసాలో కూచుంది.

ఇరవై అడుగులు, పదిహేను అడుగులు, జానెడు లోపు మందం.
ఒకటిన్నర యూనిట్ చాలు.
"ఐదు పోయించి మెరక చేసేయండి" అన్నారందరూ.
గోడ అవతల నుంచి పల్లాలమ్మ ఒక్కతే
చేటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా,
"నీకు మెరకైతే నీళ్లు ఎటెళ్తాయే పిల్లా?" అంది.
ఆమె పేరులోనే ఉంది జవాబు.
అప్పటికే మూడువైపులా ఇళ్లు లేచాయి.
పోయినేడు ఆమె పొయ్యిలో కప్ప పిల్లల్ని పెట్టింది.

మెరక మానేశాను.
ముందు ఇద్దరి మధ్యా బోదె తవ్వించాను, పంటకాలవ దాకా.
ఏసురత్నం లోడు దింపి, వెళ్తూ వెళ్తూ
"పైన పరవకండేం, పరిస్తే దుప్పటే" అన్నాడు.
కింద బంక అలాగే ఉంటుంది,
నీళ్లు ఆ రెంటి మధ్యా చిక్కుకుని కుళ్లుతాయి.
కలపాలి, వేడన్నంలో పప్పు కలిపినట్టు, అడుగుదాకా.
దాంతోపాటు పాత గెత్తం,
అంబాజీపేట కొబ్బరిపొట్టు, రెండుసార్లు కడిగింది.

అన్నిటికన్నా కష్టం ఆగడం.
రోజూ డ్యూటీ నుంచి వచ్చి
పిడికెడు మట్టి ముద్ద చేసి బొటనవేలితో నొక్కేదాన్ని.
సాగింది. ఇంకా వద్దు.
సాగింది. వద్దు.
పదకొండో రోజు పొడిగా విరిగింది.
యూనిఫాం చీర దోపుకుని గునపం పట్టాను.

అడుగున్నర లోతులో ఏదో ఖంగుమంది.
తాళంచెవి కాదు.
పిడి లేని కొడవలి ముక్క,
ఇక్కడెవరో ఎప్పుడో కోత కోస్తూ పారేసుకున్నది.
కడిగి కిటికీలో సీసా పక్కన పెట్టాను.

నిన్న గొయ్యి తీసి బకెట్టు నీళ్లు పోశాను.
ఒకప్పుడు తెల్లారినా ఉండేవి.
గంటంబావుకి ఇంకాయి.
బోదె పక్కన పల్లాలమ్మ నిలబడి
తనవైపు ఏమైనా వస్తుందా అని చూసింది,
రాలేదు, అయినా కాసేపు చూసింది.

బీరువా ఇంకా తెరుచుకోలేదు.