వైండింగ్ షాపు

కల్వకుర్తిల, అచ్చంపేట రోడ్డుకు
నా వైండింగ్ షాపు.
మోటరు మూత ఇప్పకముందే
వాసన జూసి చెప్త:
ఇది నీళ్లు లేక ఒట్టిగ తిరిగింది,
ఇది సింగిల్ ఫేజు మీద కాలింది,
దీనికేమైందో పాపం దీనికే తెల్వదు.

పోయిన బేస్తారం బడి నుంచి ఫోను.
నా కొడుకు అక్షిత్, నాలుగో తరగతి,
పక్క పోరన్ని కంపాస్ డబ్బతోని కొట్టిండట.
గ్రీజు చేతులతోనే ఉరికిన.
చెయ్యి లేపిన గూడ.
సబిహా టీచరు నడుమ నిలవడ్డది,
వాని ముందట మోకాళ్ల మీద కూసున్నది,
కొట్టుడు ముచ్చటే తియ్యలే.
"కొట్టకముందు కడుపుల ఎట్లుండె బిడ్డా?"

వాడు శానాసేపు కిటికీ దిక్కు జూసిండు.
బయట ఎవరో మేకలకు కొమ్మలిరుస్తున్నరు.
"బుగులైంది" అన్నడు.
"మా నాయన రాత్రి పళ్లెం ఇసిరిండని
వాడు అందరికి చెప్తడని."

ఈ గ్రీజు చేతులు యాడ పెట్టుకోవాలె?

నాకొచ్చిన మాట ఒక్కటే, కోపం.
అప్పుకు అదే, జ్వరానికి అదే,
తమ్ముడు సచ్చిపోయిన నాడు గూడ
డాక్టరు బల్ల గుద్దిన గని
ఏడ్వలే.

మా అవ్వ ఈదమ్మకు సదువు రాదు.
ఆమె నోట్లె మాత్రం ఎన్నుండె!
పత్తి మీద మబ్బు దిగితె రంది,
పూనకు వలసపోయిన బిడ్డ మీద మనాది,
పిలువని పెండ్లికి శిన్నబోవుడు,
పొద్దుగాల లేస్తనే యాష్ట.
ఏ గింజకు ఆ గుమ్మి.
నేను అన్నీ ఒక్క సంచిల కలిపి
మూతి కుట్టిన.
వాడు ఆమె పక్కల పండుకొని
ఇప్పుకున్నట్టుండు.

ఆ రాత్రి మళ్ల పప్పుల ఉప్పు లేదు.
పళ్లెం అంచు మీదికి చెయ్యి పోయింది.
వాడు జూస్తున్నడు,
నా మొకం గాదు, నా చెయ్యి.
ఆగిన. కాలిన కాయిలుకు జూసినట్టు
లోపలికి వాసన జూసుకున్న.
తర్నికల్ రైతు ఇయ్యాల్సిన ఏడు వేలు ఇయ్యలే,
రేపు చిట్టీ.
"రందైతుందిరా" అన్న.
గొంతు నాది గానట్టుండె.
సుగుణ సప్పుడు జెయ్యక ఉప్పు డబ్బ జరిపింది.

వాడు బువ్వ నములుడు ఆపి
పరీక్ష పెట్టినట్టు అడిగిండు:
"మనాది గాదా?"
"గాదు, రందే."
"ఎంత?"
"ఏడు వేలంత."

వాడు నవ్విండు.
నాకు నవ్వు రాలే గని
పళ్లెం కిందనే ఉంది.