మూడో గేరు

మొగిలి ఘాట్ దిగేటప్పుడు
మూడో గేరు నిలవదు నా బండికి.
ఇంజను మీద బరువు పడిందంటే చాలు
టక్కుమని న్యూట్రల్లోకి దూకతాది,
తడిచేతిలో సబ్బుబిళ్ళ మాదిరి.

అందుకే పదకొండేండ్లుగా
ఎడమ మోకాలితో రాడ్డును అదిమిపట్టి దిగతా ఉండాను.
మోకాలి పక్కన కాయ కాసింది,
రూపాయి బిళ్ళంత, నల్లగా.
రాత్రిపూట దానికి కొబ్బరినూనె రాస్తా
"ఇది నీకు బండి కట్టిన తాళి" అంటాది దేసమ్మ.

పోయిన ఎండాకాలం చివర
పది టన్నుల తోతాపురితో దిగతా ఉంటే
మోకాలు జారింది.
చెమట కావచ్చు. వయసూ కావచ్చు.
ఒక మలుపు మొత్తం
బండి నాది కాదు.
కాలిన బ్రేకు వాసన క్యాబిన్లోకొచ్చింది.
క్లీనరు చెంగల్రాయుడు తలుపు సగం తెరిచి
దూకాలా వద్దా అని నా మొగంలోకి చూసినాడు.
ఆ చూపుకు నా దగ్గర జవాబు లేదు.
క్లచ్చి తొక్కి, వదిలి, రేజు చేసి, మళ్ళీ తొక్కి
మూడులోకే గుద్దినాను.
కరకరమని పట్టింది.
చిత్తూరు వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

మురకంబట్టు షెడ్డులో ఖలందర్ భాయ్
అడుగు బోల్టు విప్పి, నూనె వేలికి రాసుకుని
ఎండలో తిప్పి చూసినాడు.
జిగేలుమనింది.
"బంగారం కాదప్పా, నీ గేర్లే" అన్నాడు.
పెట్టె తెరిస్తే మూడోదాని పళ్ళు
చప్పరించిన బెల్లంముక్కల్లాగ గుండ్రంగా.
ఇత్తడి రింగు, చంటిబిడ్డ గాజంత పలచన.
"దీన్నే బాగుచేస్తే పద్దెనిమిది వేలు. నా మాట మీద ఆరు నెలలు.
రాణిపేటలో విరిచేసిన బండిది ఆరు గేర్ల పెట్టె ఉండాది.
యాభై రెండు."
ఆ సాయంత్రం పన్నెండు వేలు తోసి చీటీ ఎత్తినాను.
ఎందుకు తోసినావని దేసమ్మ అడగలేదు.
చెంగల్రాయుడు ముందే చెప్పేసినట్టుండాడు.

పాతదాన్ని నలుగురం పట్టి దించినాం.
నలుగురు మోసేది ఇంకొకటే గదా అనుకున్నాను,
పైకి అనలేదు.
వచ్చింది రెండంగుళాలు పొడుగు.
లేతు మీద జాయింటు కోసి అతికినారు,
ఛాసిస్‌కు కొత్త బెజ్జాలు తొలిచినారు,
క్లచ్చి ప్లేటు మార్చినారు.
ఒక రాత్రంతా బండి కింద బల్బు,
బల్బు చుట్టూ పురుగులు,
పురుగుల్లో ఖలందర్ భాయ్ చెప్పులు మాత్రం.
పొద్దున బయటికొచ్చి టీ అడిగి
గ్లాసు పట్టుకునే నిద్రపోయినాడు.

కొత్త పెట్టెలో దార్లు వేరే.
ఇంతకుముందు ఒకటో గేరు ఉన్నచోట ఇప్పుడు రివర్స్.
మొదటిరోజు బంకులో ముందుకు పోదామని
వెనక్కి పోయి, గడ్డిమోపు కట్టుకున్న టీవీయస్‌కు
జానెడు దూరంలో ఆగినాను.
అతగాడు తిట్టిన తిట్లు
మా నాయన కూడా తిట్టలేదు.
ఇరవై ఏండ్లు నేర్చిన చెయ్యి
బడికి కొత్తగా పోయిన పిలకాయి మాదిరి
పలక మీద దిద్దుకుంటా ఉండాది.

పాత పెట్టెను కిలోల లెక్కన అమ్మేసినాం.
మూడో గేరు మాత్రం అడిగి తెచ్చుకున్నాను.
దోసెపిండి గిన్నె మూత మీద పెట్టింది దేసమ్మ,
పిల్లి తొయ్యకుండా.
నా దగ్గర ఒక్కనాడూ నిలవంది
ఆడ మాత్రం కదలదు.

నిన్న మళ్ళీ మొగిలి.
బరువు అంతే, పొద్దు అంతే.
మూడులో వేసినాను. పట్టింది.
మలుపు, మళ్ళీ మలుపు. పట్టుకునే ఉండాది.
చెంగల్రాయుడు తలుపుకు ఆనుకుని
నోరు తెరుచుకుని నిద్రపోతా ఉండాడు,
ఈ దారిలో వాడు నిద్రపోగా చూడడం ఇదే మొదలు.
అప్పుడు కిందికి చూసుకున్నాను.
నా మోకాలు
రాడ్డును అదిమిపట్టుకునే ఉండాది.

కాయ మెత్తబడిందంటాది దేసమ్మ, నూనె రాస్తా.
నేనింకా ఒప్పుకోలేదు.