వంగిన పిన్నులు

పోర్వెనీర్ పడవ తొమ్మిదింటికి వెళ్ళాల్సింది.
గాలి వెళ్ళనివ్వలేదు.
టికెట్ కిటికీ వెనక కూర్చుని
జనానికి డబ్బులు తిరిగిస్తూ
మధ్య మధ్యలో
నా డబ్బులూ లెక్కేసుకున్నాను, వేరే కాగితం మీద.

ప్రాసెసర్ ఒక్కటే మారిస్తే ఇంత.
బోర్డు, మెమొరీ, కూలరు, అన్నీ మార్చి
మొదటినుంచీ కట్టుకుంటే
ఆ అంకె కింద గీత గీయడానికి చెయ్యి రాలేదు.

ఆరేళ్ళుగా ఆటలో ఒక ఊరు కడుతున్నాను.
మా పుంతా అరేనాస్‌లో కుదరనివన్నీ అక్కడ పెట్టాను:
నిటారుగా పెరిగే చెట్లు,
గొడుగేసుకుని నడిచే మనుషులు.
జనాభా లక్షా పన్నెండు వేలు.
ఎనభై వేలు దాటిననాడే మొదలైంది నత్తనడక.
ఇప్పుడు ఒక బస్సు మలుపు తిరిగేలోపు
నేను మాతే కాచుకుని, తాగి,
కప్పు కడిగి బోర్లించి రావచ్చు.

ఫ్రీ జోన్‌లో దుకాణం నడిపే అనక్లేతో అన్నాడు:
"నీ సాకెట్‌లో కూర్చునే ఆఖరి చిప్పు ఇదే మిలెంకా,
దీని తర్వాత మెట్లు లేవు, గోడే."
ఆ నోటితోనే
"ఆరేళ్ళ బోర్డుకి కొత్త చిప్పంటే
ముసలి గుర్రానికి కొత్త జీను" అని కూడా అన్నాడు.
రెండూ అమ్మేవాడు కనక
రెండూ నిజాయితీగానే చెప్పాడు.

మూడో దారి ఒక రాత్రి నాకే తోచింది.
ఊరికి ఉత్తరాన ఒక పేట, నలభై వేల మంది.
కూల్చేస్తే సరి, పైసా ఖర్చు లేదు.
బుల్డోజర్ బొమ్మ పట్టుకుని ఆ పేట మీదికి వెళ్ళాను.
బస్టాపులో ఒకడు నిలబడి ఉన్నాడు.
నొక్కి చూస్తే, బేకరీలో పని, పెళ్ళి కాలేదు,
పనికి ఆలస్యమైంది.
ఎందుకాలస్యమైందో నాకు తెలుసు.
బొమ్మ వదిలేశాను.

ఆదివారం పెట్టె విప్పాను,
దుమ్ము దులుపుదామని, అంతే.
ఫ్యాను రెక్కల్లో పిల్లి బొచ్చు,
ఆ పిల్లి పోయి రెండేళ్ళు.
కూలర్ మరలు నాలుగూ తీసి పైకి లాగాను.
రాలేదు.
ఇంకాస్త లాగాను.

పన్ను పీకబోతే దవడ ఊడినట్టు
కూలరుకి అంటుకుని ప్రాసెసరూ వచ్చేసింది.
మధ్యలో పేస్టు రాయిలా గట్టిపడి ఉంది.
ఒక మూల ఏడు పిన్నులు వంగిపోయాయి,
మా వీధి చెట్లలాగే
అన్నీ ఒక్కవైపుకే.

అబద్ధమెందుకు, కాస్త సంతోషమేసింది.
ఇక తేల్చుకునేదేం లేదు,
కాగితం చింపేయొచ్చు,
కొనక తప్పదు, తప్పు నాది కాదు.

గిన్నె తిరిగివ్వడానికి వచ్చిన
కింది వాటా సునీల్దా చూసింది.
"ఇంతేనా?" అంది.
వెళ్ళి కుట్టుసూదీ
వాళ్ళాయన స్టాంపులు చూసుకున్న భూతద్దమూ తెచ్చింది.
నాలుగింటికి కూర్చుంది,
ఐదుకల్లా బయట చీకటి.
ఊపిరి బిగబట్టి ఒక్కో పిన్ను లేపుతూ
"ఏం చేస్తుందిది?" అని అడిగింది.
"లెక్కలు.
లక్షమంది ఏ క్షణాన ఎటు నడవాలో
అన్నీ ఇదే లెక్కపెట్టాలి."
"పాపం" అంది.
జనాన్నో, చిప్పునో.

ఆరో పిన్ను అవతలి పక్కకి వాలింది.
తిట్టుకుని మళ్ళీ ఇటు తెచ్చింది.
ఏడోది విరుగుతుందనే అనుకున్నాం ఇద్దరం.

నాలుగోసారి మీట నొక్కితే ఫ్యాను తిరిగింది.
ఊరు తెరుచుకుంది.
అదే మలుపు దగ్గర అదే బస్సు,
అంతే మెల్లగా.
సునీల్దా కుర్చీ దగ్గరికి లాక్కుంది.
బేకరీవాడు బస్సెక్కేదాకా
పదకొండు నిమిషాలు చూశాం, మాట్లాడకుండా.
ఎక్కాక ఆవిడ గిన్నె సంగతి మర్చిపోయి
దానితోపాటే కిందికి వెళ్ళిపోయింది.

కాగితం ఇంకా చింపలేదు.
నిన్న అనక్లేతో ఫోను చేశాడు.
ఆ ఆఖరి చిప్పులు రెండే మిగిలాయట.
పోయిన నెలా
రెండే మిగిలాయి.