రాయికి కన్నుంటది

ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద
రాత్రి తొమ్మిదింటికి కూడా రాయి వెచ్చగానే ఉంది.
పొద్దంతా తాగిన మార్చి ఎండను
గులాబీ గ్రానైటు ఇప్పుడిప్పుడే వదులుతోంది.

పొద్దున క్లాసులో సారు చెప్పాడు:
స్తంభాల పోకడ ఎల్లోరాది,
కమానుల వంపు అరబ్బు దేశాలది,
నక్షా గీసిన దొర బెల్జియం వాడు.
నోట్సులో రాసుకున్నాను.
రాళ్లు కొట్టిందెవరని ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.
నాకు తెలుసు గనక.

మా తాతమ్మ పల్లపు సాయవ్వకు
కుడిచేతి వేళ్లు మూడే మడిచేవి.
ఆ చేత్తోనే నాకు జడ వేస్తూ చెప్పేది:
"రాయికి కన్నుంటది బిడ్డా.
ఆ కన్ను దొరికిందా, చీల పెట్టంగనే ఇచ్చుకుంటది.
దొరకలేదా, నీ చెయ్యే పగుల్తది."

పెద్ద కమాను కింది దిమ్మె
ఊడదీసిన పొద్దు గురించి కూడా చెప్పేది.
మొగోళ్లు, ఆడోళ్లు, గాడిదలు కూడా
అల్లంత దూరం ఉరికినరట.
దస్తగిరి మేస్త్రీ ఒక్కడే
నడిమి రాయి కింద నిలబడి
బీడీ ముట్టించుకున్నడట.
"బీడీ అయిపోయేదాంక
మేమెవ్వలం ఊపిరి తియ్యలే."
అక్కడికొచ్చాక తాతమ్మ ప్రతిసారీ ఆగేది.
కమాను నిలిచిందని చెప్పేది కాదు.
చూస్తే కనిపిస్తుంది కదా.

ఉర్దూలో చదువులు చెప్పడానికి కట్టిన గోడలివి.
ఆమెకు చదువు రాదు, నాకు ఉర్దూ రాదు.
కుడి నుంచి ఎడమకు పారే ఆ అక్షరాలను
ఇద్దరమూ వేళ్లతోనే తడిమాం,
డెబ్బై ఏళ్ల తేడాతో.

ఇప్పుడు స్తంభాల మీద
ఉద్యమం నాటి పోస్టర్ల మైదా మరకలు,
ఎవరో పిన్నుతో గీకిన ప్రేమ,
పావురాల రెట్టలు.
పొద్దున్నే పెళ్లికి ముందు ఫోటోల జంటలొచ్చి
కమాను కింద చేతులు చాస్తారు.
అదే చోటు, బీడీ లేదు.

మా బస్తీకీ క్యాంపస్‌కీ మధ్య ఒక్కటే గోడ.
గోడలో మనిషి పట్టేంత సందుంది.
అడ్మిషన్ రోజు మాత్రం
మెయిన్ రోడ్డు చుట్టూ తిరిగి
గేటులోంచే వచ్చాను.

మూడో మెట్టు మీద అరచెయ్యి పెట్టి
కన్ను కోసం వెతుకుతున్నాను.
వెచ్చదనం తగులుతోంది, కన్ను తగలడం లేదు.
నా చెయ్యి మరీ మెత్తన.

వాచ్‌మన్ ఈల వేశాడు.
అమ్మ ఫోను: నల్లా వచ్చిందట,
బిందెలు పట్టాలి,
సందులోంచే రమ్మంటోంది.