నాన్న కోటు

ఆ పెట్టె కాస్త అటు జరుపు బాబూ,
రీలు తిరుగుతుంటే నా మాట నాకే పరాయిగా వినబడుతోంది.
గిటార్ కూడా తెచ్చుకున్నావే? ఆ మూల ఆనించు.
నువ్వూ అదే అడగడానికి వచ్చావు కదా,
మా టోలివర్ సాతానుకి ఆత్మ అమ్ముకున్నాడా అని.
మెంఫిస్ నుంచి ఇంత దూరం, ఈ బురదలో,
ఆ ఒక్క ముక్క కోసం!

అమ్మడానికి వాడి దగ్గర ఏముంది?
చేను దొరది. కంచరగాడిద దొరది.
విత్తనాలు అప్పు, పిండి అప్పు, బెల్లప్పాకం అప్పు.
డిసెంబరులో లెక్క తేలేసరికి
తల మీద నిరుటి బాకీ,
చేతిలో పిల్లలకని ఒక నారింజపండు.
ఆత్మ ఒక్కటే ఆ ఖాతాలోకి ఎక్కలేదంటే
దాన్ని తూచే కాటా ఆ కొట్లో లేకపోబట్టే.

కథ నీకు తెలిసిందే.
అర్ధరాత్రి, పెల్లమ్ దగ్గర రెండు మట్టిరోడ్లు కలిసే చోట
పొడుగ్గా, నల్లగా,
మోకాళ్లు దాటిన కోటులో ఒక ఆకారం
వాడి గిటార్ అందుకుని, తీగలు బిగించి,
మాట్లాడకుండా తిరిగి ఇచ్చిందట.
చూసినవాడు రూఫస్ టాల్బర్ట్.
సగం సీసా కడుపులో, మిగతా సగం చేతిలో.
అయినా వాడు అబద్ధమాడలేదు.

మా నాన్న చీపురుకట్ట తీగ విప్పి
గోడకి రెండు మేకులు కొట్టి బిగించాడు, కింద మందుసీసా అడ్డంపెట్టి.
అప్పుడు నాకు ఆరేళ్లు.
అది నాకు పలికింది. తమ్ముడికి పలకలేదు.
వాడు వేలు వేస్తే కోళ్లు గూట్లోంచి లేచేవి.
"కింద పెట్టరా, కుక్కలు ఏడుస్తున్నాయి" అనేవారు జనం.
వాడు నవ్వేవాడు. రాత్రి పత్తిసంచి మీద పడుకుని
నవ్వేవాడు కాదు.

నేనేమో గాయకబృందంలో ముందు వరస.
తెల్ల తొడుగులు. డీకన్ పెళ్లాన్ని.
ఆ పాట ముట్టిన ఆడదాని చెయ్యి
సంఘంలో ఎవరు పట్టుకుంటారు?
అందుకే ఇళ్లకి దూరంగా, రోడ్లు కలిసే చోటు.
ఫిబ్రవరి చలి ఎముకల్ని కొరికేది.
ఏటి గట్టు పనికి వెళ్లిన నాన్న రాలేదు, కోటు వచ్చింది.
అది తొడుక్కున్నాను.
మా ఇంట్లో ఆడవాళ్లం అందరం పొడుగే.

చెయ్యి పట్టుకుని నేర్పాను, వేలికి వేలు.
సీసామెడ తీగ మీద జారుతుంటే ఎక్కడ ఆగాలో,
ఆగకుండా ఎక్కడ ఏడవాలో.
బేరం ఒక్కటే: నా పేరు ఎత్తకూడదు.
వాడు తలూపాడు.

ఏప్రిల్లో సారాకొట్లో వాయిస్తే
పాచికలాట ఆగిపోయిందట.
"ఎవరు నేర్పార్రా నీకు?"
వాడు బూట్ల వంక చూసుకున్నాడట.
రూఫస్ మూలనుంచి అరిచాడు, "నేను చూశా, ఆ కోటువాడే!"
"ఆయనే" అన్నాడు మా టోలివర్.
మరుసటి శనివారం జనం రెట్టింపు.
సాతాను శిష్యుడంటే డాలరు ఇస్తారు,
అక్క నేర్పిందంటే ఎవరిస్తారు బాబూ?

ముప్పై ఒకటో ఏట, హెలెనాలో, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి పోయాడు.
అప్పు వసూలుకి వచ్చాడన్నారు.
ఆ ఆదివారం పాస్టరు వేదిక మీదనుంచి
వాడి పేరు పెట్టి, నరకం పేరు పెట్టి,
"ఎవడితో కూర్చుని నేర్చుకున్నాడో వాడి దగ్గరికే పోయాడు" అన్నాడు.
నా పక్కన నా మొగుడు. ఒళ్లో తొడుగుల చేతులు.
అందరితోపాటు నేనూ ఆమెన్ అన్నాను.
కాస్త గట్టిగానే అన్నాను.

డీకనూ పోయాడు, పాస్టరూ పోయాడు.
రీలు ఇంకా తిరుగుతోందా? తిరగనీ.
ఆ గిటార్ ఇలా తే.
నాలుగో తీగ దిగింది,
ఇందాక నువ్వు గోడకి ఆనించినప్పటి నుంచీ
చెవిలో ముల్లులా గుచ్చుకుంటోంది.